పది, ఏడు, నాలుగు

నా చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉంటుంది. దాంతో పిల్లల్ని కొట్టను, బల్లను కొడతాను. బమ్రోలిలో మా గల్లీ మొత్తానికి ట్యూషన్ టీచర్ని నేనొక్కదాన్నే. జగిత్యాలలో బీఎస్సీ చేసి, పెళ్ళయి సూరత్ వచ్చి ఇరవై ఏళ్ళయింది. విజయరాణి టీచర్ దగ్గర కూర్చున్న పిల్లలు లెక్కల్లో ఫెయిలవరని పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు. గ్రాఫు వచ్చిందంటే నా పద్ధతి ఒకటే. రెండు చుక్కలు పెట్టు, స్కేలు ఆనించు, గీత లాగు, మార్కులు తీసుకో. పదిహేనేళ్ళుగా ఇదే చెబుతున్నాను, ఎవరూ నోరెత్తలేదు. మొన్నటి వానాకాలంలో ప్రసన్న ఎత్తింది.

ప్రసన్న లింగమూర్తి కూతురు, పదో తరగతి. చెప్పింది వెంటనే రాసుకునే పిల్ల కాదు. పెన్ను నోట్లో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. మిగతావాళ్ళు మూడు లెక్కలు చేసేలోపు ఆమె ఒకటి మొదలుపెట్టి, అందులోనే ఆగి, "ఎందుకు టీచర్" అంటుంది. పరీక్షలో ఎందుకు అని ఎవరడుగుతారు? అందుకే ఎప్పుడూ ముప్పై అయిదు, ముప్పై ఎనిమిది దగ్గర ఊగుతుంటుంది. నాకు ఓపిక తక్కువ. ఆ పిల్లను చూస్తే ఉన్నది కూడా అయిపోయేది.

లింగమూర్తి రెండు గల్లీల అవతల ఒక కార్ఖానాలో నాలుగు సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. దాని వెనక ఒక ఇనుప గొట్టానికి పడుగు దారమంతా చుట్టి ఉంటుంది, అదే బీము. సాంచా నడిచేకొద్దీ దారం బట్టగా మారి ముందుకు పోతుంది, వెనక బీము సన్నబడుతుంది. దారమంతా అయిపోయి గొట్టం బయటపడితే బీము దిగింది అంటారు. కొత్త బీము ఎక్కించి, వేల పోగులు ఒక్కొక్కటే ముడివేసేదాకా సాంచా నడిపే కారీగర్‌కు పనుండదు. అందుకే మా గల్లీలో పంచాంగం ఎవరూ చూడరు, బీమును చూస్తారు. పంటి డాక్టరు, ఆధార్ కార్డులో తప్పులు దిద్దించడం, పెళ్ళిచూపులు, అన్నీ బీము దిగే రోజుకే పెట్టుకుంటారు. నడుస్తున్న సాంచాలు వదిలి ఛుట్టీ అంటే, తిరిగొచ్చేసరికి వాటి దగ్గర ఇంకొకరు నిలబడి ఉంటారు.

ఆ వానాకాలం శేఠ్ బట్ట రకం మార్చి, కార్ఖానాలో అన్ని బీములూ ఒకే రోజు పొద్దున ఎక్కించాడు. నాకొక ఆలోచన వచ్చింది. పుస్తకంలో ఎప్పుడూ రైళ్ళు, నీళ్ళ ట్యాంకులు. మనింటి లెక్క చెబితే పిల్లలకు ఎక్కుతుంది కదా అనుకున్నాను. ప్రసన్న వాళ్ళమ్మ భాగ్యలక్ష్మి చెల్లెలి కాన్పుకని జగిత్యాల వెళ్ళి ఉంది. అందువల్ల బడి అవగానే ఆ పిల్లే రోజూ మధ్యాహ్నం తండ్రికి డబ్బా తీసుకెళ్ళేది. బీము అడ్డకొలత కొలిచి తెమ్మని ఆమెకే అప్పజెప్పాను.

తెచ్చింది. ఎక్కించిన రోజు నలభై సెంటీమీటర్లు. పది రోజులు గడిచాక ముప్పై. లోపలి గొట్టం పది.

"మంచిగ చూడుండ్రి," అని చార్టు మీద రెండు చుక్కలు పెట్టాను. స్కేలు ఆనించి చివరిదాకా ఒకే గీత లాగాను. "పది రోజులకు పది సెంటీమీటర్లు పోయింది. అంటే రోజుకు ఒకటి. గొట్టం తేలాలంటే మొత్తం ముప్పై పోవాలె. ముప్పయ్యో రోజు బీము దిగుతది. అయిపాయె."

పిల్లలంతా రాసుకున్నారు. ప్రసన్న పెన్ను నోట్లో పెట్టుకుంది.

"గీత సీదా ఉండదు టీచర్. కిందికి వంగుతది."

"ఎందుకు వంగుతది? బీముకు నడుం నొప్పా?"

అందరూ నవ్వారు. ప్రసన్న నవ్వలేదు. "నేను బీము పక్క పళ్ళేనికి చాక్‌పీసుతో గుర్తు పెట్టిన టీచర్. ఒక్క చుట్టు తిరగనీకి..."

"రెండు చుక్కలు తెచ్చింది నువ్వే. గీత గీసింది నేను. కూసో." బల్ల మీద స్కేలు ఠప్పుమంది, ఆ పిల్ల కూర్చుంది.

ఆ చార్టును నా తలుపుకు అంటించాను, అంత మురిసిపోయాను. సాయంత్రం పని దిగి వెళ్తూ లింగమూర్తి తోటి కారీగర్ రఘుపతి దాన్ని చూసి ఆగాడు. ముప్పయ్యో రోజు కింద వేలు పెట్టి, "పక్కానా టీచరమ్మా" అని అడిగి, ఫోను తీసి అక్కడికక్కడే ఆ రోజుకు ఊరికి రైలు టికెట్ బుక్ చేసుకున్నాడు. నా లెక్కను నమ్మి ఒక మనిషి రైలెక్కుతున్నాడంటే ఎంత గొప్పగా ఉంటుందో చెప్పలేను. ఇంట్లో ఆ రాత్రి చపాతీలు కూడా గుండ్రంగా వచ్చాయి.

మరుసటి రోజు రాత్రి పని దిగాక లింగమూర్తి ఒక కాగితం పట్టుకుని వచ్చాడు, వెనక ప్రసన్న. ప్రసన్న చదివే తెలుగు మీడియం బడి వాళ్ళు పంపిన కాగితం అది. పదో తరగతి లెక్కలు రెండు రకాలు, స్టాండర్డ్, బేసిక్. బేసిక్ తేలిక, కానీ అది రాస్తే తర్వాత పదకొండులో లెక్కలతో సైన్సు తీసుకునే దారి మూసుకుపోతుంది. తక్కువ మార్కులు వచ్చిన పిల్లలందరినీ బడి వాళ్ళు బేసిక్‌లో వేస్తున్నారు. వద్దనుకుంటే తల్లో తండ్రో స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. ఆఖరి తేదీ వేళ్ళ మీద లెక్క చూసుకుంటే, బీములు ఎక్కించిన ఇరవై రెండో రోజు.

"ఏం జేయమంటరు టీచరమ్మా," అన్నాడు లింగమూర్తి. నిలబడే అడిగాడు. కుర్చీ చూపించినా కూర్చోడు, బట్టలకు దూది ధూళి ఉంటుందని మొహమాటం.

"బేసిక్ ఉండనియ్యి అన్నా. పాసయితది. గీతకు స్కేలు పెట్టరాని పిల్లకు స్టాండర్డ్ ఏంది?"

ప్రసన్న మొహం ఎర్రబడింది. "నేను బేసిక్ రాయ బాపూ. నాకు లెక్కలే గావాలె."

"లెక్కలు నీకు గావాలె, నువ్వు లెక్కలకు గావద్దా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నా నోరు నాకంటే ముందు పుట్టింది.

లింగమూర్తి ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. "అయినా ఎట్ల పోవాలె బిడ్డా. నాకు పొద్దుగాల ఏడు నుంచి రాత్రి ఏడు దాకా పాళీ. భాగ్యలక్ష్మి ఇంకో నెలకు గాని రాదు. ఛుట్టీ అంటే బీము దిగినంకనే. టీచరమ్మ ముప్పై అంటుంది, కాయితంల ఇరవై రెండు ఉంది."

"ముప్పైకి కాదు బాపూ. ఇరవై రెండుకే దిగుతది."

"ఎవరు జెప్పిండ్రు?" అన్నాను.

"పది, ఏడు, నాలుగు," అంది ప్రసన్న. "మొదటి పది సెంటీమీటర్లు పోనీకి పది రోజులు. తర్వాత పదికి ఏడే పడతయి. ఆఖరి పదికి నాలుగు, జర ఎక్కువ. అన్నీ కలిపితే ఇరవై ఒకటి దాటి ఇరవై రెండుల పడతది."

నాకు నవ్వొచ్చింది. మూడుసార్లూ పోయేది అదే పది సెంటీమీటర్లయితే, రోజులు పది, ఏడు, నాలుగు ఎలా అవుతాయి? ఒకే సాంచా, ఒకే వేగం, ఒకే దారం. ఆఖరి తేదీని ముందు చూసుకుని దానికి సరిపోయేలా లెక్క కట్టుకుందని తేల్చేశాను. "ఇరవై రెండుకు దిగితే నేనే మీ బాపు వెంట బడికి వస్త. స్టాండర్డ్ పెట్టమని నేనే చెప్త," అన్నాను. ఎలాగూ దిగదు కదా అనే ధైర్యం.

"మాట తప్పొద్దు టీచర్," అంది పిల్ల.

ఆ తర్వాత రోజూ ట్యూషన్‌కు రాగానే ప్రసన్న తలుపు మీది చార్టులో ఎర్ర పెన్నుతో ఒక చుక్క పెట్టి లోపలికి వచ్చేది. పదమూడు రోజులకు చుక్క నా గీతకు జర కింద పడింది. టేపు సరిగ్గా పట్టలేదన్నాను. పదహారు రోజులకు నా గీత ఇరవై నాలుగు అంటుంటే చుక్క ఇరవై రెండు దగ్గర పడింది. వానకు దారం ముడుచుకుని ఉంటుందన్నాను. పిల్లలు నా మొహం చూశారు. పాలిస్టర్ దారం వానకు ముడుచుకోదని సూరత్‌లో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. రఘుపతి మాత్రం రోజూ ఆ దారిన పోతూ చార్టు చూసి, "పక్కానా" అని అడిగేవాడు. అతనికి జవాబు చెప్పడం రోజురోజుకూ కష్టమైంది.

పద్దెనిమిది రోజులు నిండాక ఇక ఉండబట్టలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ప్రసన్న డబ్బా తీసుకెళ్ళే వేళకు నేనూ కార్ఖానాకు వెళ్ళాను. లోపల సాంచాల మోత. పక్క మనిషి మాట వినాలంటే చెవి దగ్గర అరవాలి. నా స్కేలు నేనే తీసి బీముకు అడ్డంగా పెట్టాను. పద్దెనిమిదిన్నర కూడా లేదు. నా గీత ప్రకారం ఇరవై రెండు ఉండాలి.

బీము పక్కన దాంతోపాటే తిరిగే ఇనుప పళ్ళెం మీద తెల్లటి చాక్‌పీసు గుర్తు ఉంది. ప్రసన్న ఒక పాత నోటుబుక్కు తెరిచి చూపించింది. రోజుకో వరుస. ఆ గుర్తు ఒక చుట్టు తిరిగి మళ్ళీ పైకి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసింది. ఎక్కించిన రోజు ఇరవై అయిదు. పది రోజులకు పంతొమ్మిది. నేను ఫోనులో గడియారం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. పన్నెండు నిమిషాలు కాకముందే గుర్తు పైకి వచ్చేసింది.

"ఇప్పుడన్నా చెప్పనిస్తరా టీచర్," అంది.

చెప్పమన్నాను.

"సాంచా గంటకు తినే దారం ఎప్పుడూ ఒక్క తీరే. బీము లావుగున్నప్పుడు ఒక్క చుట్టు తిరిగితే మస్తు దారం వస్తది. సన్నగయినంక ఒక్క చుట్టుకు కొంచెమే వస్తది. గని సాంచా ఆకలి తగ్గదు గదా. అందుకే బీము జల్ది జల్ది తిరగాలె. ఒక్కో చుట్టుకు ఒక్కో పొర ఊడుతది. జల్ది తిరిగితే పొరలు జల్ది ఊడుతయి. ఊడిన కొద్దీ సన్నగయితది, సన్నగయిన కొద్దీ ఇంకా జల్ది తిరుగుతది. మరి గీత సీదా ఎట్లుంటది?"

"పది, ఏడు, నాలుగు ఎక్కడియి?"

నోటుబుక్కులో ఇంకో పేజీ తిప్పింది. ఒకదాని లోపల ఒకటి నాలుగు గుండ్రాలు. "పక్క నుంచి చూస్తే దారమంతా ఈ గుండ్రంల ఉంది టీచర్. నలభై నుంచి ముప్పై దాకా ఉన్న పట్టీల ఏడు పాళ్ళ దారం ఉంటే, నడిమి పట్టీల అయిదు పాళ్ళు, లోపలి పట్టీల మూడే. పట్టీలన్నీ చూడనీకి ఒక్క మందమే, దారం మాత్రం తక్కువ. ఏడు పాళ్ళకు పది రోజులు పట్టింది. అయిదుకు ఏడు రోజులు, మూడుకు నాలుగు పైన."

వృత్తం వైశాల్యం ఆ పిల్లకు నేనే చెప్పాను. ఏటా చెబుతాను. సూత్రం రాయించి, సంఖ్యలు పెట్టించి, జవాబు కింద రెండు గీతలు కొట్టిస్తాను. అది ఇలా ఒక బీములో తిరుగుతూ ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. నేను రెండు చుక్కలనే చూశాను. మధ్యలో ఏం జరుగుతోందో పట్టించుకోలేదు. ఆ మోతలో నాకు నిజంగా సిగ్గేసింది.

లింగమూర్తి డబ్బా మూత తీస్తూ మా దగ్గరికి వచ్చాడు. "ఆఖర్ల బీము ఉరుకుతది టీచరమ్మా," అన్నాడు నెమ్మదిగా. "కొత్తల ఆరాంగ తిరుగుతది, ఆఖర్ల ఆగమాగం అయితది. పద్దెనిమిదేండ్ల సంది చూస్తున్న."

"మరి నాడు చెప్పవైతివి గదా అన్నా?"

"మీరు స్కేలు పెట్టి గీసిండ్రు గదా. సదువుకున్నోళ్ళు. నాదే తప్పేమో అనుకున్న."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పద్దెనిమిదేళ్ళుగా రోజూ కళ్ళతో చూస్తున్నదాన్ని, నా స్కేలు చూసి కాదనుకున్నాడు. ఆయన బిడ్డ కాదనుకోలేదు. అంతే తేడా. ఆ బిడ్డకే నేను బేసిక్ అన్నాను.

ఇరవై రెండో రోజు ట్యూషన్‌కు సెలవిచ్చి పొద్దున పదకొండింటికే కార్ఖానాలో కూర్చున్నాను. బడి ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. ప్రసన్న బడి నుంచి నేరుగా వచ్చి నా పక్కన నిలబడింది. మొదటి బీము పన్నెండున్నరకు దిగింది. రెండోది ఒంటిగంటకు. మూడోది రెండింటికి. నాలుగో సాంచా మధ్యలో పోగులు తెగి ఎన్నిసార్లు ఆగిందో, దాని బీము మీద ఇంకా దారం ఉంది. చాక్‌పీసు గుర్తు ఆరు నిమిషాలకో చుట్టు కొడుతోంది. మూడయింది. నాలుగయింది. నేను ఇంతవరకు ఏ దేవుడికీ మొక్కనంతగా ఆ ఇనుప గొట్టానికి మొక్కుకున్నాను. ప్రసన్న గోళ్ళు కొరుక్కుంటోంది. లెక్క తన వైపే ఉన్నా, తెగిన పోగులు ఎవరి మాటా వినవు కదా.

నాలుగున్నరకు పది నిమిషాలుండగా ఆఖరి పొర జారి, తుప్పు రంగు గొట్టం బయటపడింది. లింగమూర్తి సాంచా ఆపాడు. కార్ఖానాలో ఆ మూలంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆయన చేతులు కడుక్కుని, ఒంటి మీది ధూళి దులుపుకుని, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"ఏది పెట్టాలె టీచరమ్మా?"

"ఇంకా నన్నే అడుగుతున్నవా అన్నా? స్టాండర్డ్. నడువు, ఆటో నేను పిలుస్త."

గేటు దగ్గర రఘుపతి ఎదురొచ్చాడు. అతని బీములూ అదే రోజు దిగాయి. చేతిలో ఫోను, అందులో ముప్పయ్యో రోజు టికెట్. "టీచరమ్మా, ఇగ ఈ టికెట్ ఏం జేసుకోవాలె నేను?" అన్నాడు. క్యాన్సిల్ చేసుకోమని, ఈసారి తేదీ ప్రసన్నను అడగమని చెప్పి ఆటో ఎక్కాను. వెనక నుంచి ఏదో తిట్టాడు. తిట్టనీ, నాకు రావాల్సినవే.

ఆఫీసులో గుమాస్తా తాళం చేతిలో పట్టుకుని లేవబోతున్నాడు. మమ్మల్ని చూసి విసుక్కుంటూ మళ్ళీ కూర్చుని ఫారం ఇచ్చాడు. లింగమూర్తి అక్షరం అక్షరం కూడబలుక్కుని పేరు రాశాడు. స్టాండర్డ్ అన్న చోట టిక్కు పెట్టాడు. సంతకం చేశాడు. కింద ఇంకో గడి ఉంది, మార్కులు తక్కువైనా స్టాండర్డ్ ఎందుకు కోరుతున్నారో కారణం రాయాలి.

"ఇది మీరే రాయుండ్రి టీచరమ్మా," అని పెన్ను నా చేతిలో పెట్టాడు.

ప్రసన్న నా వైపు చూసింది. చాక్‌పీసు గుర్తు గురించి రాయొచ్చు. ఏడు, అయిదు, మూడు పాళ్ళ గురించి రాయొచ్చు. ఆ చిన్న గడిలో అవేవీ పట్టవు. కాసేపు ఆలోచించి నాలుగు మాటలు రాశాను.

గుమాస్తా ఫారం లాక్కుని పైనుంచి చదువుకుంటూ వచ్చాడు. ఆ గడి దగ్గర ఆగి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని గట్టిగా చదివాడు. "ట్యూషన్ టీచర్ లెక్క తప్పింది." తలెత్తి మా ముగ్గురినీ చూశాడు. "ఇదేం కారణమమ్మా? ఎవరా ట్యూషన్ టీచర్?"

"నేనే," అన్నాను.